ఆత్మకూరు–దోర్నాల అడవి రోడ్డు: చావులు లెక్కపెట్టేదాకా ఆగకుండా ప్రమాదాన్ని ముందే కొలవడం ఎలా?

తుంగభద్ర_గట్టు | శనివారం, ఉదయం 6:50

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల పోయే 340సి జాతీయ రహదారి గురించి అడుగుతున్నాను. ఆత్మకూరు దాటి బైర్లూటి వచ్చిందంటే అక్కడి నుంచి దోర్నాల దగ్గరపడేదాకా దారంతా నల్లమలే. 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. మిగతా పదిహేను గంటలూ శ్రీశైలం యాత్రికుల కార్లు, బస్సులు, మార్కాపురం వైపు పోయే లారీలు అన్నీ ఆ రోడ్డు మీదే.

నేను సివిల్ ఇంజినీరింగ్ చెప్తాను. ఈ ఏడాది ఫైనలియర్ పిల్లలు ఈ రోడ్డు మీద ప్రమాద అంచనాను ప్రాజెక్టుగా తీసుకుంటామన్నారు. అందరూ మొదట వెళ్లేది బ్లాక్ స్పాట్ల దగ్గరికే. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో, చావో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు ఐదు జరిగి ఉండాలి, లేదా పదిమంది చనిపోయి ఉండాలి. అడవిలో బండ్లు తక్కువ. ప్రమాదాలు ఒకచోట కుప్పపడవు, చెదురుమదురుగా జరుగుతాయి. ఈ కొలతతో చూస్తే అడవి రోడ్డు ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుందని నా భయం.

ఐదు కుటుంబాలు నష్టపోయేదాకా ఒక మలుపును ప్రమాదకరం అనకూడదన్న పద్ధతిని నేను ఒప్పుకోలేను. మనుషులకూ జంతువులకూ కలిపి ముందే కొలిచే దారి ఏముంది? ఆ రోడ్డు తెలిసినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 8:15

సార్, మొదట రెండు ప్రశ్నలను విడదీయాలి. ఎన్ని ప్రమాదాలు జరిగాయి అన్నది ఒకటి. ఆ రోడ్డు మీద ఒక బండి ఒక కిలోమీటరు పోతే ప్రమాదం జరిగే అవకాశం ఎంత అన్నది ఇంకొకటి. బ్లాక్ స్పాట్ మొదటిదానికే జవాబు చెప్తుంది.

ఊరికే అనుకున్న అంకెలతో చెప్తాను. 50 కిలోమీటర్ల అడవి రోడ్డు, రోజుకు 2,000 బండ్లు. ఏడాదికి 3.65 కోట్ల వాహన కిలోమీటర్లు. అంతే పొడవున్న పెద్ద హైవే మీద రోజుకు 20,000 బండ్లు, అంటే 36.5 కోట్లు. హైవే మీద ఏడాదిలో ఇరవై మంది, అడవి రోడ్డు మీద ముగ్గురు చనిపోయారనుకుందాం. పేపర్లో హైవే గురించే వస్తుంది. కానీ కోటి వాహన కిలోమీటర్లకు లెక్కిస్తే హైవేలో 0.55, అడవిలో 0.82. ఆ దారిన పోయే మనిషికి అడవి రోడ్డే ఎక్కువ ప్రమాదం.

రెండో చిక్కు చిన్న అంకెలది. ఒక మలుపు దగ్గర మూడేళ్లుగా ఏమీ జరగలేదంటే అక్కడ ప్రమాదం సున్నా అని కాదు. ఇంకో మలుపు దగ్గర ఒక ఏడాది మూడు జరిగి, బోర్డు పెట్టాక మరుసటి ఏడాది ఒకటే జరిగితే అది బోర్డు గొప్పతనమూ కాకపోవచ్చు, ఎక్కువ పడిన ఏడాది తర్వాత తగ్గడం మామూలే. అందుకే ఆ చోటి సొంత లెక్కను, అలాంటి రోడ్లన్నిటి సగటుతో కలిపి చూసే ఎంపిరికల్ బేయస్ పద్ధతి వాడతారు. సొంత డేటా ఎంత తక్కువుంటే సగటుకు అంత బరువు. మీకు పోల్చుకోవడానికి నల్లమలలోనే దోర్నాల–శ్రీశైలం, నంద్యాల–గిద్దలూరు రోడ్లు ఉన్నాయి.

ముందు ట్రాఫిక్ లెక్క చేయించండి. ఏడు రోజులు, 24 గంటలు లెక్కపెట్టాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ చెప్తుంది. మీ రోడ్డుకు మామూలు వారం ఒకటి, శివరాత్రికో కార్తీకానికో ఒకటి, రెండు లెక్కలూ కావాలి. ఏడాది సగటు ఒక్కటే తీసుకుంటే పండగ రోజుల రద్దీ అందులో కలిసిపోయి కనిపించదు.

పది_చక్రాలు | శనివారం, ఉదయం 10:40

అన్నా, నేను ఆ రోడ్డులో లోడు లారీ తోలుతాను. గేటు టైమ్ గురించి ఒక మాట చెప్పాలి.

రాత్రి 9కి గేటు పడుతుంది కాబట్టి 7 గంటల తర్వాత ఆత్మకూరులో బయలుదేరిన ప్రతి బండికీ టెన్షనే. గేటు దాటలేకపోతే రాత్రంతా చెక్ పోస్టు దగ్గరే పడుకోవాలి, సరుకు లేటైతే ఓనరు మాట పడాలి. అందుకని ఆ రెండు గంటలు అందరం తొక్కుతాం. పొద్దున 6కి గేటు ఎత్తినప్పుడు రాత్రి నుంచి ఆగిన బండ్లన్నీ ఒక్కసారే వరసగా కదుల్తాయి. లారీ వెనక బస్సు, బస్సు వెనక కార్లు. ముందుకు పోవాలని మలుపుల్లోనే ఓవర్‌టేక్ చేస్తారు. అప్పటికి ఇంకా పూర్తిగా తెల్లారదు, చలికాలమైతే మంచు కూడా. దుప్పులూ కణుతులూ (సాంబర్ జింకలు) రోడ్డు దాటేది ఆ టైములోనే.

కణుతి కళ్లలో హై బీమ్ పడితే అది పరిగెత్తదు, అక్కడే నిలబడిపోతుంది. హారన్ కొట్టినా కదలదు. లైటు డిప్ చేసి వేగం తగ్గిస్తేనే దారి ఇస్తుంది. మాలాంటి పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. మొదటిసారి వచ్చిన కారు డ్రైవర్లు ఇంకా గట్టిగా హారన్ కొడతారు.

ఇంకొకటి. దిగుడులో డీజిల్ మిగుల్తుందని కొంతమంది న్యూట్రల్‌లో వదిలేస్తారు. లోడు బండి అట్లా దిగితే బ్రేకులు కాగిపోతాయి, మలుపు దగ్గర పట్టవు. మీ పిల్లలు రాసుకునేటప్పుడు ఎక్కడ దిగుడు ముగిసి మలుపు మొదలవుతుందో అది తప్పకుండా రాయించండి.

నల్లమల_అంచు | శనివారం, మధ్యాహ్నం 12:05

పది_చక్రాలు అన్న చెప్పిన 6 గంటల సంగతి చాలా ముఖ్యం. రాత్రి నిషేధం మంచిదే. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009లో ఇదే 9 నుంచి 6 నిషేధం మొదలైంది, హైకోర్టు కూడా 2010లో దాన్ని నిలబెట్టింది. దాన్ని సడలించమని నేనెప్పటికీ అడగను. కానీ నిషేధంతో రాత్రి ప్రమాదం పోయాక, మిగిలిన ప్రమాదమంతా గేటుకు అటూ ఇటూ ఉన్న గంటల్లో చేరింది. మీ లెక్క గంటలవారీగా ఉండాలి. రోజు మొత్తానికి ఒకే అంకె వేస్తే ఈ సంగతి దొరకదు.

ఇప్పుడు జంతువుల డేటా. పులి, చిరుత, ఎలుగుబంటి బండి కింద పడితే అటవీశాఖ కేసు రాస్తుంది, పేపర్లో వస్తుంది. దుప్పి పడితే రాయొచ్చు, రాయకపోవచ్చు. ఉడుము, కొండచిలువ, పునుగుపిల్లి, నక్షత్ర తాబేలు, కప్ప ఎవరి రిజిస్టర్లోనూ ఉండవు. కాకులూ నక్కలూ తినేస్తాయి, వెనక వచ్చే చక్రాలు నలిపేస్తాయి. కొన్ని గంటల్లో ఆనవాలు కూడా మిగలదు. గేటు తెరిచిన వెంటనే నెమ్మదిగా పోయే బండిలోంచి చూస్తే కొంత దొరుకుతుంది. మధ్యాహ్నం పోయి ఏమీ లేదని రాస్తే ఆ లెక్క తప్పు.

కోతుల గురించి కోపంతోనే రాస్తున్నాను, మన్నించండి. పుణ్యమని బండ్లు ఆపి అరటిపళ్లు, బిస్కెట్లు, మరమరాలు విసురుతారు. కోతులు అడవి వదిలి రోడ్డు అంచునే బతుకుతున్నాయి. పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లి బిస్కెట్ కోసం రోడ్డుకు అడ్డం పరిగెడుతుంది. దాన్ని తప్పించబోయి బైకు పడుతుంది, లేదా కోతి చస్తుంది. మలుపులో ఆగిన కారును వెనకొచ్చే బస్సు ఆఖరు క్షణంలో చూస్తుంది. తిండి పెట్టే చోట్లన్నీ మీ మ్యాపులో గుర్తులుగా పెట్టండి. వాటికి ప్రమాదాల చరిత్ర అక్కర్లేదు, అక్కడ ఏం జరగబోతుందో ఇప్పుడే కనిపిస్తోంది.

ఇంకా, ఆ రోడ్డు పక్కన మనుషులు కూడా ఉన్నారు. బైర్లూటి గూడెం చెంచులు రోడ్డు వెంబడి నడుస్తారు, పశువులు తోలుకుపోతారు. ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో కాలినడకన వస్తారు, అడవి బాట ఎక్కేదాకా వాళ్లు కూడా రోడ్డు అంచునే. జంతువులూ బండ్లూ అని రెండే గళ్లు పెడితే వీళ్లు లెక్కలోకి రారు.

శ్రీగిరి_దారి | శనివారం, మధ్యాహ్నం 1:30

నేను కుటుంబంతో తరచుగా శ్రీశైలం వెళ్తాను. నాకు అర్థమైనంతలో సమస్య రోడ్డు ఇరుకు. లారీ వెనక పడితే దాటే చోటు దొరకదు, అందుకే మలుపుల్లో దాటుతారు. రోడ్డు వెడల్పు చేసి, పక్కన చెట్లు కొట్టి చూపు కల్పిస్తే సగం ప్రమాదాలు తగ్గవా? జంతువులను కాపాడాలి, సరే. మనుషుల ప్రాణాలు కూడా ప్రాణాలే కదా.

పాలకొండ_కడప | శనివారం, సాయంత్రం 4:20

శ్రీగిరి_దారి గారి బాధ న్యాయమైనదే. రోడ్ల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కడప నుంచి రాస్తున్నాను. దీన్ని వేగం, చూపు దూరం అనే రెండు కొలతలతో చూద్దాం.

డ్రైవరు అడ్డం చూసి, బ్రేకు తొక్కి, బండి ఆగేదాకా పట్టే దూరాన్ని ఐఆర్‌సీ ఇలా లెక్కించింది: 40 కిలోమీటర్ల వేగానికి 45 మీటర్లు, 60కి 80 మీటర్లు, 80కి 120, 100కి 180. ఇందులో మనిషి తేరుకోవడానికి రెండున్నర సెకన్లు కలిపే ఉంటాయి. బండి డిప్ లైటులో రోడ్డు స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లు. అంటే చీకట్లో డిప్ లైటుతో 80 మీద పోయేవాడు తను చూడగలిగిన దూరంలో ఆగలేడు. దుప్పి వచ్చినా, పడిపోయిన బైకు ఉన్నా, గూడెం పిల్లవాడున్నా ఒకటే. ఆ వెలుతురులో ఆగగలిగిన వేగం 40 దగ్గర్లోనే ఉంది. అడవి రోడ్డుకు తక్కువ వేగం పెట్టమనడం జంతువుల మీద ప్రేమతోనే కాదు, ఈ లెక్క వల్ల కూడా.

కాబట్టి ప్రతి మలుపు దగ్గరా రెండు అంకెలు కొలవండి. అక్కడ బండ్లు నిజంగా పోయే వేగం, అక్కడ నిజంగా కనిపించే దూరం. నూటికి 85 బండ్లు ఏ వేగం లోపల పోతున్నాయో ఆ అంకె తీసుకోండి. ఆ వేగానికి కావలసిన దూరం కంటే కనిపించే దూరం తక్కువైతే ఆ మలుపు ప్రమాదకరం. అక్కడ ఇంతవరకు ఎవరూ చనిపోకపోయినా సరే. మీరు అడిగిన ‘ముందే కొలవడం’ ఇదే.

వెడల్పు విషయానికొస్తే, వెడల్పు చేసిన రోడ్డు మీద ఎవరూ పాత వేగంతో పోరు. స్వీడన్‌లో నిల్సన్ అనే పరిశోధకుడు చూపించిన లెక్క ప్రకారం సగటు వేగం మారితే మరణ ప్రమాదాలు దాని నాలుగో ఘాతంతో మారతాయి. 60 ఉన్న సగటు 70 అయితే మరణ ప్రమాదాలు దాదాపు 85 శాతం పెరుగుతాయి. చూపు కల్పించి మిగిల్చిన ప్రాణాలు వేగానికి పోతాయి. పైగా పులుల అభయారణ్యంలో రోడ్డు విస్తరించాలంటే జాతీయ వన్యప్రాణి మండలి అనుమతి కావాలి, అది ఏళ్ల పని.

అయినా దాటడానికి చోటు లేదన్న మాట నిజం. తిన్నగా ఉండి చూపు బాగున్న చోట్ల లారీలు పక్కకు జరిగి ఆగేందుకు చిన్న జాగా ఇవ్వొచ్చు. ఇంకా సులభమైనది, గేటు దగ్గర లారీలను ఒక గుంపుగా వెనక వదలడం.

మా గువ్వలచెరువు ఘాట్ గురించీ చెప్పాలి. కడప–రాయచోటి మధ్య పాలకొండల్లో 40వ జాతీయ రహదారి. అదీ అడవే, కానీ అక్కడి జబ్బు వేరు. రాత్రీపగలూ కంటైనర్లు దిగుతుంటాయి. దిగుడులో బ్రేకులు పట్టని లారీ ఎదురొచ్చే కారు మీదికి పోవడమే అక్కడ ఎక్కువ. బండ్లు ఎక్కువ కాబట్టి ప్రమాదాల లెక్క కూడా తొందరగా పోగవుతుంది, బ్లాక్ స్పాట్ పద్ధతి అక్కడ కాస్త పనికొస్తుంది. ఒకచోట తయారుచేసిన ఫారం ఇంకోచోట అలాగే వాడకండి.

శ్రీగిరి_దారి | శనివారం, సాయంత్రం 5:05

లారీలను గుంపుగా వదిలే మాట నాకు నచ్చింది. కానీ రోడ్డు పక్క పొదలు మలుపు లోపలి వైపు కమ్మేసి ఉంటాయి. వాటినైనా కొట్టించాలి కదా?

నల్లమల_అంచు | శనివారం, సాయంత్రం 6:30

మలుపు లోపలి వైపు చూపుకు అడ్డమైన పొద తీయడం వరకు నాకూ అభ్యంతరం లేదు. అటవీశాఖ వ్యూ లైన్ల పేరుతో రోడ్డుకు రెండు వైపులా కొంత మేర శుభ్రం చేస్తూనే ఉంటుంది, వేసవిలో మంటలు పాకకుండా కూడా అది పనికొస్తుంది. అభయారణ్యంలో బయటివాళ్లు కొమ్మ నరకడం నేరం, ఆ పని వాళ్లే చేయాలి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. శుభ్రం చేసిన చోట తొలి వానకు లేత గడ్డి మొలుస్తుంది. లోపల అడవిలో గడ్డి ముదిరిపోయి ఉంటే దుప్పులు ఆ లేత గడ్డికి రోడ్డు అంచుకే వస్తాయి. డ్రైవరుకు చూపు పెరిగింది, రోడ్డు పక్కన జంతువులూ పెరిగాయి. కాబట్టి ఏ నెలలో కోశారు, తర్వాత వాన ఎప్పుడు పడింది అని రాసుకోకుండా పొదలు తీస్తే మంచిదా చెడ్డదా అని తేల్చలేరు. నా అభిప్రాయంలో మలుపుల దగ్గర మాత్రమే తీయాలి, తిన్నని రోడ్డు పొడవునా అక్కర్లేదు.

నీళ్లు కూడా చూడండి. మార్చి నుంచి వాన పడేదాకా వంకలు ఎండిపోతాయి, అటవీశాఖ సాసర్ పిట్లలో, అంటే జంతువులు తాగే లోతు తక్కువ తొట్లలో, ట్యాంకరుతో నీళ్లు పోస్తుంది. రోడ్డుకు ఒక వైపే నీళ్లుంటే రెండో వైపు జంతువులు రోజూ రోడ్డు దాటాలి. రెండు వైపులా లోపలికి పెడితే ఆ దాటడం తగ్గుతుంది. పెద్ద ఖర్చు లేని పని ఇది. కల్వర్టులు పూడిపోయి ఉన్నాయో లేవో కూడా రాయండి. బాగున్న కల్వర్టు కింద నుంచి చిన్న జంతువులు పోతాయి.

మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ జాతీయ రహదారిని, అంటే మన కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే అదే రోడ్డును, తొమ్మిది చోట్ల స్తంభాల మీద ఎత్తి కింద జంతువులకు దారి వదిలారు. వాటి కింద నుంచి పులులు దాటడం కెమెరాల్లో నమోదైంది. పెద్ద రోడ్డు తప్పదంటే అలా కట్టాలి. ఉన్న రోడ్డునే అలా ఉంచుకుని వేగం తగ్గించడం దానికంటే చాలా చవక.

అంబులెన్స్_డ్యూటీ | శనివారం, రాత్రి 9:15

డ్యూటీలో ఉండి ఇప్పుడే చదివాను. మీ చర్చంతా ప్రమాదం జరిగే అవకాశం గురించే ఉంది. జరిగాక బతికే అవకాశం ఎవరూ రాయలేదు.

ఆ అడవిలో చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. ప్రమాదం చూసినవాడు సిగ్నల్ దొరికే చోటికో చెక్ పోస్టుకో బండి తోలుకుపోయి చెప్పాలి. అక్కడి నుంచి మాకు కాల్ వస్తుంది. మేం ఆత్మకూరు నుంచో దోర్నాల నుంచో బయలుదేరాలి. ఎక్కించుకున్నాక తలకు దెబ్బ అయితే కర్నూలు పెద్దాసుపత్రికి తేవాలి. మొదటి గంట దారిలోనే అయిపోతుంది. అదే దెబ్బ కర్నూలు టౌన్‌లో తగిలితే మనిషి బతుకుతాడు.

కాబట్టి ప్రతి ఐదు కిలోమీటర్లకు సిగ్నల్ ఉందా, ఏ కంపెనీది ఉంది, దగ్గర్లోని చెక్ పోస్టు ఎంత దూరం అని రాయించండి. సిగ్నల్ లేని ముక్కలో ఉన్న మలుపునూ సిగ్నల్ ఉన్న మలుపునూ ఒకే తీవ్రతగా లెక్కకట్టొద్దు.

ఇంకో మాట, చదివేవాళ్లందరికీ. గాయపడినవాళ్లకు సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ భయపడుతున్నారు. మోటారు వాహన చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేసే కేంద్ర పథకం కూడా ఉంది. డబ్బు ఎవరు కడతారని ఆలోచిస్తూ ఆగొద్దు.

కోర్టు_వీధి | ఆదివారం, ఉదయం 7:30

పోలీసు రికార్డులు తీసుకునేటప్పుడు పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పండి. ఎఫ్ఐఆర్ అనేది నేరం ఎవరిదని రాసే కాగితం, కారణాలు పరిశోధించేది కాదు. ఇదివరకు ఐపీసీ 279, 304ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 281, 106. వీటి కింద నమోదు కావాలంటే ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట ఉండాల్సిందే. అందుకని అడ్డం వచ్చిన అడవిపంది, కనిపించని మలుపు, కొట్టుకుపోయిన రోడ్డు అంచు ఆ కాగితంలో ఉండవు. కారణాల గడిలో అతివేగం అని చూసి అన్నీ డ్రైవర్ల తప్పులే అని తేల్చకండి. పంచనామా, స్కెచ్ చదవండి, కొన్నిసార్లు అందులో అసలు సంగతి దొరుకుతుంది.

ఈ-డార్ అని ఇప్పుడు పోలీసులు ఫోన్ యాప్‌లో ప్రమాద స్థలాన్ని జీపీఎస్‌తో సహా ఎక్కిస్తున్నారు. అది దొరికితే చాలా మేలు. అడవిలో సిగ్నల్ లేనప్పుడు స్టేషన్‌కు వచ్చాక ఎక్కిస్తే స్థలం తేడా రావచ్చు, కిలోమీటరు రాయి నంబరుతో పోల్చి చూసుకోండి. ఆత్మకూరు ఒక జిల్లా, దోర్నాల ఇంకో జిల్లా. రెండు వైపులా స్టేషన్లలో అడగకపోతే రోడ్డులో సగం మీ లెక్కలోకి రాదు.

2019 సవరణతో మోటారు వాహన చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చిన సంగతి కూడా తెలిసి ఉండాలి. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక చావో వైకల్యమో జరిగితే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా. మీరు కొలిచిన చూపు దూరాల పట్టిక రాతపూర్వకంగా అధికారులకు చేరితే, రేపు ‘మాకు తెలియదు’ అనే మాటకు చోటుండదు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టును కాలేజీ బీరువాలో పెట్టేయకండి.

మిడుతూరు_రైతు | ఆదివారం, ఉదయం 9:00

మీరంతా నల్లమల గురించి మాట్లాడుతున్నారు, మా రోళ్లపాడు కూడా అభయారణ్యమే సార్. 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టారు, ఆరు చదరపు కిలోమీటర్లు మాత్రమే. చుట్టూ మా పొలాలు. జింకలకు హద్దు తెలియదు కదా, మా జొన్న, శనగ చేలల్లోనే ఎక్కువ తిరుగుతాయి.

మా దగ్గర పొదలు లేవు, మలుపులు లేవు. మైలు దూరం కనిపిస్తుంది. అయినా బైకులకు జింకలు తగులుతున్నాయి. జింకలు పగలే మేస్తాయి. రైతు చేలోంచి తోలితే మంద మొత్తం రోడ్డు వైపు పరిగెడుతుంది. ఒకటి దాటింది కదా అని బండి ముందుకు తీస్తే దాని వెనక పది దూకుతాయి. మొదటి జింక దాటగానే ఆగాలి, మంద అంతా పోయాకే కదలాలి. ఈ మాట బోర్డు మీద రాస్తే చాలు, ఇప్పుడున్న జింక బొమ్మ చూసి ఎవరికీ ఏం చేయాలో అర్థం కావడం లేదు.

పంట కోతల టైములో, శనగ పచ్చగా ఉన్నప్పుడు ఎక్కువ. మీ లెక్కల్లో పంట కూడా ఒక గడిగా పెట్టండి.

పాలకొండ_కడప | ఆదివారం, ఉదయం 9:40

రైతు గారు చెప్పినది పుస్తకాల్లో దొరకదు. చూపు దూరం సరిపోయిన చోట కూడా ప్రమాదం ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ. మా వైపు మైదుకూరు–బద్వేలు మధ్య 67వ రహదారి కూడా నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలానికి జంతువులు కదిలే దారికి అడ్డంగా పోతుంది. అక్కడ అడవీ పొలాలూ కలగలిసి ఉంటాయి, రెండు రకాల ఫారాలూ కావాలి.

తుంగభద్ర_గట్టు | ఆదివారం, ఉదయం 11:10

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కరోజులో ఇంత వస్తుందనుకోలేదు. మీరు చెప్పినవన్నీ కలిపి పిల్లలతో కూర్చుని అనుకున్నది రాస్తున్నాను, లోపాలు చెప్పండి.

రోడ్డును 500 మీటర్ల ముక్కలుగా విడగొడతాం. ప్రతి ముక్కకు వేగం, చూపు దూరం, దిగుడు, రోడ్డు అంచు ఎలా ఉంది, కల్వర్టు, నీళ్లు, కోతులకు తిండి పెట్టే చోటు, కాలినడక మనుషులు, ఫోన్ సిగ్నల్. ఇవి ప్రమాదాల చరిత్రతో సంబంధం లేకుండా వచ్చే మార్కులు. వాటి పక్కనే రెండు జిల్లాల పోలీసు రికార్డుల నుంచి, అటవీశాఖ రిజిస్టర్ నుంచి వచ్చిన ఘటనలు వేరే వరసలో ఉంటాయి. రెండూ కలిపి ఒకే అంకె చేయం. మార్కులు ఎక్కువుండి ఘటనలు లేని ముక్కలే మాకు అన్నిటికంటే ముఖ్యం. గేటు తెరిచిన మొదటి గంట, మూసేముందు రెండు గంటలు, మిగతా పగలు అని మూడు భాగాలుగా చూస్తాం.

వేగం కొలవడానికి రోడ్డు పక్కన 100 మీటర్లకు రెండు గుర్తులు పెట్టి స్టాప్‌వాచ్‌తో చూద్దామనుకున్నాం. నాలుగున్నర సెకన్లలో దాటితే 80 వేగం.

నల్లమల_అంచు | ఆదివారం, మధ్యాహ్నం 12:00

సార్, దయచేసి పిల్లలను అడవిలో రోడ్డు పక్కన నిలబెట్టకండి. అక్కడ బండి దిగడానికే అనుమతి లేదు. ఎలుగుబంట్లున్న అడవి, పైగా మలుపు దగ్గర నిలబడినవాళ్లకు బండ్ల వల్ల కూడా ప్రమాదమే. ఆత్మకూరు అటవీ డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, వాళ్ల సిబ్బందితో మాత్రమే వెళ్లండి. బైకులు అసలే వద్దు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:45

వేగానికి ఇంకో దారి ఉంది. రెండు చెక్ పోస్టుల దగ్గరా బండి నంబరు, టైము రాసుకుంటే చాలు. మధ్యలో 48 కిలోమీటర్లు ఉందనుకుంటే, 40 సగటు వేగంతో పోయే బండికి 72 నిమిషాలు పట్టాలి. 45 నిమిషాల్లో వచ్చిందంటే సగటే 64, మలుపుల మధ్య ఎంత తొక్కి ఉంటాడో ఊహించుకోవచ్చు. అనుమతి దొరికితే ఇది ఒకరోజు పని. తర్వాత అధికారులు కావాలనుకుంటే ఇదే పద్ధతిలో టైము చీటీ ఇచ్చి, ముందే వచ్చినవాళ్లకు ఫైన్ వేయొచ్చు. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు మామూలుగా వేయనివ్వరు కాబట్టి, వేగం తగ్గించడానికి నాకు కనిపిస్తున్న గట్టి దారి ఇదే.

మలుపుల దగ్గర వేగం, చూపు దూరం కోసం డ్యాష్‌క్యామ్ వీడియో వాడండి. జీపీఎస్ ఉన్నది అయితే ప్రతి సెకనుకూ వేగం, స్థలం దొరుకుతాయి.

పది_చక్రాలు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నా బండిలో డ్యాష్‌క్యామ్ ఉంది సార్, మా స్టాండులో ఇంకొందరికి కూడా ఉంది. వారంలో ఎన్నోసార్లు ఆ దారిన పోతాం. వీడియోలు కార్డులో తెచ్చి ఇస్తాం. కానీ ఒక మాట ఇవ్వండి. మా వేగం చూపించి మా మీదే కేసులు పెట్టకూడదు. ఓనరు పెట్టే టైము, గేటు టైము, ఈ రెండిటి మధ్యలో మేం నలుగుతున్నాం. అది కూడా రిపోర్టులో రాయాలి.

తుంగభద్ర_గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 3:00

మాట ఇస్తున్నాను అన్నా. బండి నంబర్లు, పేర్లు రిపోర్టులో ఉండవు. గేటు టైము ఒత్తిడి మీద ఒక అధ్యాయమే ఉంటుంది, దాని గురించి డ్రైవర్లు చెప్పింది చెప్పినట్టు రాస్తాం. పిల్లలను రోడ్డు పక్కన నిలబెట్టే ఆలోచన వదిలేశాం. అటవీ డివిజన్‌కు లెటర్ సోమవారం తయారవుతుంది. మొదటి లెక్క మామూలు వారంలో, రెండోది శివరాత్రి వారంలో. బ్రహ్మోత్సవాలప్పుడు రాత్రి కూడా వదిలితే ఆ గంటల డేటా విడిగా ఉంచుతాం, మామూలు రోజులతో కలపం.

అంబులెన్స్_డ్యూటీ | ఆదివారం, సాయంత్రం 4:10

శివరాత్రి వారానికి ముందే సిగ్నల్ లేని ముక్కల పట్టిక మాకు ఇవ్వగలరా? అంబులెన్స్ ఎక్కడ ఆపి ఉంచాలో మా పైవాళ్లతో మాట్లాడటానికి పనికొస్తుంది. రిపోర్టు పూర్తయ్యేదాకా ఆగితే ఈ ఏడాది పండగ అయిపోతుంది.

తుంగభద్ర_గట్టు | ఆదివారం, సాయంత్రం 4:25

తప్పకుండా. అన్నిటికంటే ముందు అదే చేయిస్తాను. బస్సులో కూర్చుని కూడా రాసుకోవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే శనివారం ఇద్దరు పిల్లలు శ్రీశైలం బస్సులో పోయి వస్తారు. పట్టిక ఇక్కడే పెడతాను.